ఉట్టికెగిరినవాడు

ముందు ఆ తలుపు వేసి రారా చిన్నోడా. జులై నెల మెల్‌బోర్న్ గాలికి సిగ్గూ శరమూ ఉండవు, సందు దొరికితే చాలు చొక్కాలో దూరుతుంది. కుర్చీ ఇలా హీటరు దగ్గరకు జరుపుకో. మా నాయనమ్మ కుంపటి ముందేసుకుని కూచుని కథలు చెప్పేది. నా రాతకు గోడకు బిగించిన ఈ గ్యాసు పెట్టె మిగిలింది. పోనీలే, వేడి వేడే.

అదిగో, పై అరలో ఆ జంతికల డబ్బా చూశావా? మీ అమ్మ కావాలనే అంత ఎత్తున పెట్టింది. నాకు బీపీ అట, ఉప్పు తగలకూడదట. ఆ సంగతి తరవాత చూద్దాం. నువ్వా ఫోను బోర్లా పెట్టు. అది ఎక్కడికీ పారిపోదు గానీ నేను చెప్పబోయేది మాత్రం నాతోనే పోతుంది.

నిన్న నువ్వు ఫుట్‌బాల్ నుంచి వచ్చి "తాతయ్యా, మార్కు పట్టాను" అని గంతులేశావు కదా. మీ నాయనమ్మ పాపం పరీక్షలో మార్కు అనుకుని, "ఒక్కటేనా?" అంది. ఆవిడ తప్పేం లేదు. నేనూ 1978లో ఈ దేశంలో దిగినప్పుడు అలాగే అనుకున్నాను. కోలగా ఉండే బంతి, గుండ్రంగా ఉండాల్సిన మైదానమూ కోలగానే. గోలుకు రెండు గుంజలు చాలవా, ఒక్కో వైపు నాలుగు పాతుతారు. నడిమి రెంటి మధ్య తన్నితే ఆరు పాయింట్లు. కాస్త పక్కకు పోతే కూడా ఒకటి ఇస్తారు, పిల్లాడు ఏడవకుండా చేతిలో బెల్లంముక్క పెట్టినట్టు. ఇక తన్నిన బంతిని కిందపడకుండా గాల్లోనే పట్టుకుంటే అది మార్కు. పట్టినవాణ్ని ఎవరూ తాకకూడదు, తాపీగా నిలబడి తన్నుకోవచ్చు. అందుకే అందరూ గాల్లోకి ఎగురుతారు, ఒకడి భుజం మీద ఒకడు మోకాలు ఆనించి మరీ.

సరే, కజాలీ ఎవరో చెప్పమన్నావు. చెప్తా. కానీ ముందు నా ఇంటి యజమాని సంగతి చెప్పాలి, ఆయన లేకపోతే నాకు కజాలీ లేడు.

నేను మొదట ఆల్బర్ట్ పార్కులో ఒక ముసలాయన ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. అవునురా, నువ్వు కారు పందేలు చూసే ఆల్బర్ట్ పార్కే. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ ఫార్ములా వన్ కార్లు చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి గానీ, అప్పట్లో అక్కడ బాతుల అరుపే పెద్ద గోల. మా ముసలాయన మనిషి పొట్టి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్నట్టు, ఇంట్లో వస్తువులన్నీ తనకు అందనంత ఎత్తులో పెట్టుకుని వాటిని దించడానికి నన్ను పిలిచేవాడు. బల్బు మార్చాలన్నా, అటక మీది డబ్బా తియ్యాలన్నా ఒకటే కేక: "అప్ దేర్, కజాలీ!" పైకెగురు కజాలీ అని. నా పేరు నోరు తిరక్క ఆయనే ఏదో పేరు పెట్టుకున్నాడని నేను నాలుగు నెలలు సరిపెట్టుకున్నాను. మరుసటేడు, అంటే 1979లో, అదే పేరుతో మైక్ బ్రాడీ కట్టిన పాట టీవీలో మోగిపోయింది. చానల్ సెవెన్ వాళ్లు ఫుట్‌బాల్ కోసం చేయించుకున్న పాట. అప్పుడు గానీ నాకు వెలగలేదు, కజాలీ అంటే నేను కాదని.

"ఎవరండీ ఈ కజాలీ?" అని అడిగాను. అంతే, ముసలాయన టీ కెటిల్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. పదేళ్ల పిల్లవాడుగా తన కళ్లతో చూశాడట. ఆయన చెప్పింది కొంత, తరవాత నేను చదివి తెలుసుకుంది కొంత. కలిపి చెప్తున్నాను, విను.

రాయ్ కజాలీ పుట్టింది ఆ ఆల్బర్ట్ పార్కులోనే, 1893 జనవరి 13న. పదో సంతానం. ఆ రోజుల్లో పది మంది పిల్లలంటే ఇక్కడా ఎవరూ ముక్కున వేలేసుకునేవాళ్లు కాదు. తల్లి మంత్రసాని పని చేసేది, ఆకుపసర్ల వైద్యం తెలిసిన మనిషి. ఒంటిని ఎలా చూసుకోవాలో వీడికి ఉగ్గుతోనే పట్టి ఉంటుంది. ముందు కార్ల్‌టన్ క్లబ్బు చిన్న జట్టులో చేరాడు. అక్కడ భుజం దెబ్బతింటే పట్టించుకున్న నాథుడు లేడట. రోషమొచ్చి బయటికి నడిచి, సెయింట్ కిల్డాకు పోయాడు.

సెయింట్ కిల్డా అంటే అప్పట్లో ఏమనుకున్నావు? విక్టోరియా ఫుట్‌బాల్ లీగు 1897లో మొదలైతే, ఆ జట్టు వరసగా 48 ఆటలు ఓడింది. నలభై ఎనిమిది! మూడేళ్లు గెలుపన్నది వాసన చూడలేదు. 1900లో మొదటి గెలుపు వచ్చిందా, అదీ సమానంగా ముగిసిన ఆట. తరవాత ఫిర్యాదు పెట్టి, ఒక్క పాయింటు తేడాతో గెలుచుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నారని మనం నవ్వుతాం గానీ, వాళ్లకు ఆ రోజు మద్దెల నిజంగానే ఓడని తేలింది.

అలాంటి జట్టులో 1911లో పెద్ద రగడ. బట్టలు మార్చుకునే గదిలోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న దాని మీద ఆటగాళ్లకూ కమిటీకీ చెడింది. నవ్వకు, లోకంలో సగం యుద్ధాలు గదుల దగ్గరే మొదలయ్యాయి. ఆటగాళ్లు ఆడమని కూచున్నారు. కమిటీవాళ్లు దొరికిన కుర్రాళ్లనల్లా పట్టుకొచ్చి దింపారు. పిల్లీ పిల్లీ తగువులాడుకుంటే రొట్టెముక్క కోతికి దక్కిందన్నట్టు, అలా మైదానంలోకి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లలో మన కజాలీ ఒకడు.

ఆ ఏడే మరో సంగతి జరిగింది. ఆటగాళ్లకు డబ్బివ్వడం తప్పు కాదని లీగు ఒప్పుకుంది. అంతకుముందు ఇవ్వలేదని కాదు, అందరూ ఇచ్చేవాళ్లే. చాటుగా ఇచ్చింది బాహాటమైంది, అంతే. డబ్బంటే ఎంతనుకున్నావ్? 1907లో ఇక్కడి కోర్టు ఒక తీర్పు చెప్పింది. భార్యా పిల్లలూ ఉన్న కూలివాడు మర్యాదగా బతకాలంటే రోజుకు 7 షిల్లింగులు ఉండాలని. వారానికి 42, అంటే 2 పౌన్ల 2 షిల్లింగులు. పన్నెండు పెన్నీలు షిల్లింగు, ఇరవై షిల్లింగులు పౌను. నువ్వా లెక్కకే ఠారెత్తిపోతున్నావు, మేం అణాలూ బేడలూ కాసులూ నోటితోనే కూడేవాళ్లం. అదలా ఉంచు. 1930లో లీగు ఆటగాడి కూలికి ఒక కట్టు పెట్టింది, ఆటకు 3 పౌన్లు దాటకూడదని. దాన్నే కౌల్టర్ చట్టం అన్నారు. వేలమంది టోపీలు ఎగరేసి అరిచినా, ఎముక విరిగినా అంతే.

ఎముకంటే గుర్తొచ్చింది. జట్టుకు 18 మంది. నీకు కాలు బెణికితే బయటికొచ్చి మరొకణ్ని పంపుతారు కదా? ఆ సుఖం 1930 దాకా లేదు. అప్పుడు గానీ 19వ వాణ్ని ఒప్పుకోలేదు. అంతకుముందు దెబ్బ తగిలినవాడు కుంటుతూనో దేకుతూనో మైదానంలోనే ఒక మూల నిలబడాలి, లేదా జట్టు ఒకడు తక్కువతో ఆడాలి.

ఎక్కడున్నాం? ఆఁ, సెయింట్ కిల్డా. 1914లో యుద్ధం వచ్చింది. ఈ జట్టు చొక్కా రంగులు ఎరుపు, తెలుపు, నలుపు. ఏం ఖర్మమో, జర్మనీ జెండా రంగులూ అవే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కైజరు మీద కోపం చొక్కా మీద చూపారు. 1915లో తెలుపు తీసేసి పసుపు పెట్టుకున్నారు, బెల్జియం జెండా గౌరవార్థం. మరుసటి ఏడు మగవాళ్లంతా యుద్ధానికి పోతుంటే లీగులో నాలుగు జట్లే మిగిలాయి. ఆ 1916లో ఒక వింత జరిగింది. ఫిట్జ్‌రాయ్ జట్టు నాలుగింటిలో నాలుగోదిగా నిలిచి, ఆఖరి పోటీల్లో లేచి కప్పు కొట్టుకుపోయింది. ఒకే ఏడు అట్టడుగూ వాళ్లే, అగ్రస్థానమూ వాళ్లే! మీ నాన్న పదో తరగతిలో చేసింది కూడా ఇంచుమించు అదేలే. నేనన్నానని చెప్పకు.

సెయింట్ కిల్డా రెండేళ్లు ఆట మానేసి 1918లో మళ్లీ వచ్చింది. ఆ ఏడు ఆ జట్టులో మేటిగా కజాలీ పేరే వచ్చింది. 1920లో నాయకుడూ అయ్యాడు. అక్కడ ఆడిన ఆటలు 99. ఇంకొక్కటి ఆడితే వంద, మనవాళ్లయితే నూరు చేసి పూలదండ వేయించుకుని పోయేవాళ్లు. ఆయన 1921లో సౌత్ మెల్‌బోర్న్‌కు మారాడు. అక్కడా సరిగ్గా 99 ఆడాడు చూడు! ఏ క్లబ్బులోనూ నూరు చూడకుండానే ఇంతటి పేరు తెచ్చుకున్నాడు.

అసలు కథ ఇప్పుడొస్తుంది. నిద్రొస్తుంటే లేచి మొహం కడుక్కుని రా.

కజాలీ తాడిచెట్టంత మనిషేం కాదు. ఐదడుగుల పదకొండు అంగుళాలు, అంటే 180 సెంటీమీటర్లు. నువ్వు ఇంకో రెండేళ్లలో దాటేస్తావు. అలాంటివాడు ఆటలో అతి పొడగరుల పని ఎత్తుకున్నాడు. అప్పట్లో అంపైరు బంతిని నేలకేసి కొడితే అది నిటారుగా లేచేది. చెరో జట్టు నుంచి ఒక పొడుగాటివాడు ఎగిరి దాన్ని తనవాళ్లవైపు తట్టేవాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా, ఆ తలదన్నేవాడు ఈయన. ఎలాగ?

ఇంటి దగ్గర షెడ్డులో పైనుంచి తాడుతో బంతి వేలాడదీసుకున్నాడు. దానికోసం ఎగరడమే పని. అర్థమైందా? ఉట్టి కట్టుకున్నాడురా! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మనవాళ్లు వెక్కిరిస్తారు. ఈయన వరస తప్పలేదు. ముందు ఉట్టికి ఎగిరాడు. చూసేవాడు లేడు, చప్పట్లు లేవు. చీకటి షెడ్డు, ఒక తాడు, ఒక బంతి. స్వర్గం సంగతి శనివారం మధ్యాహ్నం చూసుకునేవాడు.

ఇంకో రహస్యం ఊపిరి. ఎగిరేటప్పుడు గుండె నిండా గాలి పీల్చేవాడు. ఆ గాలే తనను పైకి లేపుతుందని గట్టిగా నమ్మేవాడు. మీ సైన్సు మాస్టారికి చెప్తే నవ్వుతాడు, మనిషేమన్నా గాలిబుడగా అని. నవ్వనీ. నమ్మకం మనిషిని ఎన్ని అంగుళాలు లేపుతుందో కొలిచే స్కేలు ఆయన దగ్గర మాత్రం ఉందా? మా ముసలాయన అయితే కుర్చీలోంచి లేచి చూపించేవాడు. ఎగిరేవాడట, పట్టేవాడట, గాల్లోనే ఒళ్లు తిప్పుకుని దిగీ దిగకముందే పరుగు అందుకునేవాడట. చూపిస్తూ చూపిస్తూ ఒకసారి టీ కప్పు పగలగొట్టాడు. "నీ వల్లే" అని నన్నే అన్నాడు.

సౌత్ మెల్‌బోర్న్‌లో ఆయనకు ఇద్దరు జోడు కుదిరారు. ఒకడు ఫ్రెడ్ ఫ్లైటర్, ముద్దుపేరు స్కీటర్, అంటే దోమ. రెండోవాడు మార్క్ టాండీ, వాణ్ని నాపర్ అనేవాళ్లు. ఇక్కడివాళ్లకు ముద్దుపేరు లేని మనిషంటే ఉప్పులేని కూరే. ఆ రోజుల్లోనే జీలాంగ్ జట్టులో గ్రీవ్స్ అనే ఆయన ఉండేవాడు. బ్రౌన్లో పతకం అని మేటి ఆటగాడికి ఇస్తారే, 1924లో దాన్ని మొట్టమొదట అందుకున్నది ఆయనే. ఆయన్ని అందరూ కార్జీ అనేవాళ్లు. ఎక్కడిదనుకున్నావ్ ఆ పేరు? ఏదో సంగీత నాటకంలో భారతదేశపు రాజు వేషం ఒకటి ఉందట, ఆ కల్పిత రాజుగారి పేరుకు ముక్క అది! మన దేశంలో అలాంటి పేరున్న రాజు ఎక్కడా లేడు. పేరుకు మాత్రం జీలాంగ్‌లో ఫుట్‌బాల్ ఆడాడు.

పక్కదారి పట్టాను, రా రా. కజాలీ, ఫ్లైటర్, టాండీ, ఈ ముగ్గురి పని ఎలా సాగేదంటే, ఫ్లైటర్ తన ఒళ్లు అడ్డం పెట్టి అవతలివాళ్లను కాచేవాడు. కజాలీకి ఎగరడానికి చోటు చేసేవాడు. బంతి లేవగానే గొంతెత్తి ఒకటే కేక: "అప్ దేర్, కజాలీ!" ఆయన ఎగిరి తట్టిన బంతిని చురుకైన టాండీ కింద అందుకుని పరుగో పరుగు. ఒకడు కాపు, ఒకడు ఎగురు, ఒకడు పరుగు. ఆ కేక ముందు ఫ్లైటర్ నోట్లో పుట్టింది. తరవాత జట్టంతా అందుకుంది. ఆ తరవాత చెరువు పక్క మైదానంలో గట్టు మీద నిలబడ్డ జనమంతా. మా ముసలాయన అప్పుడు పదేళ్లవాడు, తండ్రి భుజాలెక్కి అరిచాడట. ఆట అవగానే తండ్రి పిల్లాణ్ని దింపి పరుగు తీసేవాడట, ఎక్కడికనుకున్నావ్? 1916 నుంచి ఇక్కడ సాయంత్రం ఆరింటికల్లా సారాకొట్టు మూసేవాళ్లు. 1966 దాకా అదే కట్టడి. అయిదింటికి ఆట ముగింపు, ఆరింటికి తాళం. ఆ ఒక్క గంటలో ఊళ్లో మగవాళ్లంతా పోటీపడి తాగేవాళ్లు. తొందరగా మూస్తే తక్కువ తాగుతారని చట్టం చేసినవాళ్ల ఆశ. గంట తగ్గితే గుటక పెద్దదైంది, ఏం లాభం?

తిరిగే కాలు ఊరుకోదన్నట్టు, కజాలీ ఒకచోట నిలవలేదు. 1922లో సౌత్ మెల్‌బోర్న్‌కు ఆడుతూనే శిక్షకుడుగా కూడా చేశాడు. 1925లో మూడొందల కిలోమీటర్ల అవతల గోధుమ పొలాల మధ్య మిన్యిప్ అనే చిన్న ఊరికి కోచ్‌గా పోయాడు. మరుసటేడు తిరిగొచ్చాడు, మళ్లీ జట్టులో మేటి ఆయనే. 1928లో సముద్రం దాటి టాస్మానియా, లాన్సెస్టన్. అక్కణ్నుంచి ప్రెస్టన్, హోబార్ట్, మళ్లీ సౌత్ మెల్‌బోర్న్. 1941లో క్యాంబర్‌వెల్ జట్టులో ఆడేటప్పటికి వయసు 48. ఆ వయసులో నేను మెట్లెక్కి మధ్యలో ఆగి, ఎందుకెక్కానో ఆలోచించుకునేవాణ్ని.

తరవాత 1942, 43 ఏళ్లలో హాథార్న్ జట్టుకు కోచ్. నువ్వు వేసుకు తిరిగే ఆ గోధుమరంగు, పసుపు చారల చొక్కావాళ్లే. వాళ్లను అప్పటిదాకా ఏమని పిలిచేవాళ్లో తెలుసా? మేబ్లూమ్స్, పొద పూలు! కండలు తిరిగిన పద్దెనిమిది మంది మగాళ్లు బురదలో కొట్టుకుంటుంటే "పూవుల్లారా, పదండి" అని అరిస్తే ఏం బాగుంటుంది? కజాలీ వల్ల ఆ పూలు పోయి హాక్స్ వచ్చింది, డేగలు. నీ చొక్కా మీద ఆ డేగ వెనకా ఈయనే ఉన్నాడన్నమాట.

చివరికి హోబార్ట్‌లో స్థిరపడ్డాడు. పట్టేసిన కండరాలు సర్దే వైద్యం చేసుకుంటూ, గుర్రాలకు తర్ఫీదిస్తూ బతికాడు. 1963 అక్టోబరు 10న పోయాడు. ఒక్క మాట చెప్పనా? అంత ఆడినా, లీగులో కప్పు గెలిచిన జట్టులో ఆయన ఒక్కసారీ లేడు.

మరి పేరెలా నిలిచిందంటావా? ఆ కేక వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఇసుకలో ఆస్ట్రేలియా సిపాయిలు దాన్ని రణనినాదం చేసుకున్నారు. 1955లో రే లాలర్ రాసిన 'సమ్మర్ ఆఫ్ ద సెవెంటీన్త్ డాల్' నాటకంలో పాత్రలు దాన్ని పలికాయి. 1979లో పాటైంది. 1996లో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ మహామహుల వరసలో మొదటి పన్నెండు మందిలో ఆయన్ని కూచోబెట్టారు. అంతా బాగుంది. కానీ ఆ కేక ఎవరిది? దోమగారిది. ఒళ్లు హూనం చేసుకుని చోటిచ్చి, తన పేరు కాకుండా పక్కవాడి పేరు అరిచిన ఫ్లైటర్‌ది. ఎగిరినవాడి పేరు ఊరంతా మోగింది. కేకేసినవాడి పేరు నీకు ఈ రాత్రి దాకా తెలీదు.

మా ముసలాయన సంగతా? 1982లో ఆయన ప్రాణమైన సౌత్ మెల్‌బోర్న్ జట్టు మూటాముల్లే సర్దుకుని సిడ్నీకి పోయింది. ఇప్పటి సిడ్నీ స్వాన్స్ వాళ్లే. ఆయన రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో వారం వంటింట్లోంచి కేక వినిపించింది, అదే కేక. పోయి చూద్దును గదా, బల్బు బాగానే వెలుగుతోంది. దించాల్సిందేమీ లేదు. ఊరికే పిలిచాడు. నేనూ ఊరికే చెయ్యి పైకెత్తి ఆ బల్బును ఒకసారి తట్టి వచ్చాను.

అప్పుడు నేను పొడుగువాణ్ని. ఇప్పుడు ఏడాదికింత కుంగిపోతున్నాను, డాక్టరే కొలిచి చెప్పాడు. నువ్వు ఏడాదికింత పెరుగుతున్నావు. సరే, లే. ఇలా వచ్చి నిలబడు. గుండె నిండా గాలి పీల్చు, సైన్సు మాస్టారికి చెప్పకు. మీ అమ్మ వస్తుందేమో నేను కాపు కాస్తాను, డబ్బా దిగగానే అందుకునేదీ నేనే. ఈ ఇంట్లో స్కీటరూ నేనే, టాండీ కూడా నేనే. ఆఁ, చెయ్యి చాపు...

అప్ దేర్, కజాలీ!